డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ పీజీ: చేరేలోపు ఏం నేర్చుకోవాలి? 200 ఇళ్ల సర్వేతో థీసిస్ కుదురుతుందా?

కొత్తబెంచి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డెవలప్‌మెంట్ ఎకనామిక్స్‌లో రెండేళ్ల పీజీకి సీటు వచ్చింది. తరగతులకు ఇంకా నాలుగు నెలలుంది. డిగ్రీలో ఎకనామిక్సే చదివాను: మైక్రో, మాక్రో మామూలు స్థాయి, స్టాటిస్టిక్స్ ఒక్క సెమిస్టర్. డెరివేటివ్‌లు వస్తాయి, మాత్రికలు మర్చిపోయాను. సిలబస్ చూస్తే మొదటి సెమిస్టరంతా మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్సే. పేదరికం, వ్యవసాయం, పరపతి, విద్య, వలస ఇవన్నీ రెండో సెమిస్టర్ నుంచి. ఆఖర్లో 12,000 పదాల థీసిస్.

లెక్కలు ఎంతవరకు కావాలి, అందులో ఏవి? డేటా విశ్లేషణకి స్టాటా సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా, ఆర్ నేర్చుకోవాలా? రీడింగ్ లిస్టులో ఒక్కో పేపరు 50, 60 పేజీలుంది, అన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిందేనా? థీసిస్‌కి "ఇంట్లో డబ్బు ఆడవాళ్ల చేతికొస్తే పిల్లల చదువు మెరుగవుతుందా" అన్న అంశం అనుకుంటున్నాను. సొంతంగా 200 ఇళ్లలో సర్వే చేద్దామని ఆలోచన. సరిపోతుందా?

లాగ్రాంజ్

లెక్కల వరకు నేను చెప్తాను. కావలసినవి కొన్నే, కాకపోతే అవి పుస్తకం చూడకుండా చేయగలగాలి.

అన్నిటికంటే ముందు, పరిమితులతో కూడిన ఆప్టిమైజేషన్. డిగ్రీలో లాగ్రాంజియన్ రాసి, డెరివేటివ్‌లు సున్నా చేసి వదిలేస్తారు. ఇక్కడ కూన్-టకర్ షరతులు (పరిమితి "ఇంతకు మించకూడదు" అన్నట్టు ఉన్నప్పుడు వాడేవి) కూడా రావాలి, ఎందుకంటే డెవలప్‌మెంట్ మోడళ్లలో అసలు సంగతంతా పరిమితి బిగిసిందా లేదా అన్నదాంట్లోనే ఉంటుంది. రైతుకి 100 యూనిట్ల పెట్టుబడి లాభసాటి, అప్పు 60కి మించి పుట్టదు అనుకోండి. అప్పుడు ఆ పరిమితి మీదున్న మల్టిప్లయర్ సున్నా కంటే ఎక్కువ. ఇంకో యూనిట్ అప్పు దొరికితే వడ్డీ పోను మిగులు ఎంత పెరుగుతుందో చెప్పేది అదే. అప్పు 120 దొరికే రైతుకి ఆ మల్టిప్లయర్ సున్నా, రుణ పథకం పెట్టినా అతని ఉత్పత్తి కదలదు. ఒకే పథకం కొందరికి పనిచేసి కొందరికి ఎందుకు పనిచేయదో ఈ రెండు కేసులు విడిగా సాధిస్తే తెలుస్తుంది.

దాని తర్వాత ఇంప్లిసిట్ ఫంక్షన్ సిద్ధాంతం, అంటే కూలి రేటు మారితే శ్రమ ఎటు కదులుతుందో గుర్తుతో సహా తేల్చడం. సంభావ్యతలో షరతులతో కూడిన సగటు, ఇటరేటెడ్ ఎక్స్‌పెక్టేషన్స్ నియమం. మాత్రికల్లో ఓఎల్‌ఎస్ (మామూలు కనిష్ఠ వర్గాల రిగ్రెషన్) సూత్రం రాబట్టడం, వదిలేసిన వేరియబుల్ వల్ల పక్షపాతం ఎటువైపు వస్తుందో చేత్తో చూపించడం. రియల్ అనాలిసిస్ జోలికి ఇప్పుడు పోకండి. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే రెండో ఏడాది చూసుకోవచ్చు. బెల్‌మన్ సమీకరణం పొదుపు మోడళ్లలో వస్తుంది, అది తరగతిలో చెప్పాకే అర్థమవుతుంది.

సిద్ధంగా ఉన్నారో లేదో చూసుకోవడానికి ఒక్క మోడల్ చాలు: వ్యవసాయ కుటుంబ నమూనా. ఒకే ఇల్లు పండిస్తుంది, తింటుంది, కూలికెళ్తుంది, కూలీలనూ పెడుతుంది. అన్ని మార్కెట్లూ సక్రమంగా ఉంటే పొలంలో ఎంత శ్రమ పెట్టాలన్నది ధర, కూలి రేటు, భూమి ఈ మూడింటి మీదే ఆధారపడుతుందని, ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది లెక్కలోకే రాదని నిరూపించండి. తర్వాత కూలీల మార్కెట్ తీసేసి మళ్లీ సాధించండి. ఇప్పుడు కుటుంబ పరిమాణం ఉత్పత్తి నిర్ణయంలోకి దూరుతుంది. ఈ తేడానే పరీక్షగా మలిచి బెంజమిన్ 1992లో జావా గ్రామీణ డేటా మీద ప్రయోగించారు. కుటుంబ కూర్పుకీ పొలంలో పెట్టే శ్రమకీ సంబంధం లేదన్న ప్రతిపాదనను ఆ డేటా తోసిపుచ్చలేకపోయింది. మోడల్ నుంచి రిగ్రెషన్ దాకా దారి ఎలా పడుతుందో చూపించడానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ తక్కువ.

ఇంకొకటి, లాగ్‌లు. ఎడమవైపు లాగ్ ఉండి, డమ్మీ వేరియబుల్ కోఎఫిషియంట్ 0.5 వస్తే అది 50 శాతం పెరుగుదల కాదు, సుమారు 65 శాతం. చిన్న విలువల దగ్గర తేడా కనపడదు కాబట్టి అలవాటు పడిపోతారు. ఆదాయం సున్నా ఉన్న ఇళ్ల కోసం 1 కలిపి లాగ్ తీయడం ఇంకా ప్రమాదం. కొలమానం మారిస్తే జవాబు మారిపోతుంది. చెన్, రోత్ 2024లో దీన్ని వివరంగా చూపించారు.

నాలుగు నెలల్లో మొదటి రెండూ వీటికే ఇవ్వండి. వీడియోలు చూస్తూ తల ఊపితే రాదు. రోజుకి మూడు లెక్కలు కాగితం మీద పూర్తిగా చేస్తే చాలు.

ముడిడేటా

స్టాటాయా ఆరా అన్నదానికి: మీ డిపార్ట్‌మెంట్‌లో అసైన్‌మెంట్లు దేంట్లో ఇస్తారో కనుక్కుని అదే నేర్చుకోండి. ఈ రంగంలో పాత పేపర్ల కోడ్ ఎక్కువగా స్టాటాలో దొరుకుతుంది, ఆర్ ఉచితం. రెండూ ఒకే జవాబు ఇస్తాయి. చర్చ ఇంతకు మించి అక్కర్లేదు.

అసలు కష్టం రిగ్రెషన్ కమాండ్‌లో ఉండదు, దాని ముందుండే పనిలో ఉంటుంది. ప్రపంచ బ్యాంకు 1980లో మొదలుపెట్టిన ఎల్‌ఎస్‌ఎంఎస్ (ఇళ్ల జీవన ప్రమాణాలు కొలిచే) తరహా సర్వే ఒకటి ఇప్పుడే దించుకోండి. రిజిస్టర్ చేసుకుంటే చాలావరకు ఉచితం. ఒకే సర్వేలో పది ఇరవై ఫైళ్లుంటాయి. సభ్యుల జాబితాలో మనిషికో వరుస, వినియోగం ఫైలులో వస్తువుకో వరుస, పొలాల ఫైలులో కమతానికో వరుస. వీటిని ఇంటికో వరుసగా మార్చి కలపడం మొదటి పాఠం.

కలిపే ముందు ఐడీ ప్రత్యేకంగా ఉందో లేదో పరీక్షించండి. స్టాటాలో దానికి ఐఎస్‌ఐడీ కమాండ్ ఉంది. ఎర్రర్ వస్తోందని విసుగొచ్చి ఎమ్-ఎమ్ మెర్జ్ (రెండు ఫైళ్లలోనూ ఐడీ పదేపదే వచ్చినా కలిపేసేది) చేయకండి. అది పనైపోయినట్టే కనపడుతుంది, లోపల మాత్రం వరుసలు ఎక్కడివక్కడ ఉన్న క్రమంలో జతకడుతుంది. స్టాటా మాన్యువలే అది వాడొద్దంటుంది. మెర్జ్ అయ్యాక జతకాని వరుసలు ఎన్ని, ఎందుకు అన్నది ప్రతిసారీ చూడాలి. 3 శాతం జతకాకపోతే ఆ ఇళ్లు ఎవరివి? వలస వెళ్లినవాళ్లవే అయితే మీ శాంపిల్ అక్కడే వంకరపోయింది.

తెలియదు, చెప్పను అన్న జవాబులకు 98, 99, 999, మైనస్ 9 లాంటి కోడ్‌లుంటాయి. వాటిని మిస్సింగ్‌గా మార్చకుండా సగటు తీస్తే 99 ఏళ్లు బడికెళ్లిన మనుషులు పుట్టుకొస్తారు. ప్రతి వేరియబుల్‌కీ కనిష్ఠం, గరిష్ఠం, పంపిణీ చూశాకే ముందుకెళ్లండి.

వినియోగం ఎలా అడిగారన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. గత 7 రోజుల్లో ఏం కొన్నారు అని అడిగితే ఒక అంకె, 30 రోజులు అంటే ఇంకో అంకె. టాంజానియాలో బీగిల్, తోటి పరిశోధకులు ఎనిమిది రకాల ప్రశ్నావళులను ఇళ్లకు యాదృచ్ఛికంగా పంచి, 2012 పేపర్లో ఈ తేడాలు చూపించారు. అంటే రెండు సర్వేల మధ్య పేదరికం తగ్గిందని రాసేముందు ప్రశ్నాపత్రం మారిందా అని చూడాలి. అంతర్జాతీయ దారిద్ర్యరేఖ కూడా అంతే. 2011 కొనుగోలు శక్తి ధరల్లో రోజుకి 1.90 డాలర్లు, 2022లో 2017 ధరలకు మారినప్పుడు 2.15, 2025 జూన్‌లో 2021 ధరలకు మారి 3.00. వేర్వేరు గీతలు వాడిన పేపర్ల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం థీసిస్‌లలో తరచూ కనిపించే పొరపాటు.

డీహెచ్‌ఎస్ (జనాభా, ఆరోగ్య) సర్వేలు వాడితే రెండు సంగతులు. అందులో ఆదాయం, వినియోగం ఉండవు, ఆస్తుల నుంచి కట్టిన సంపద సూచిక ఉంటుంది. అది ఆ సర్వేలోని ఇళ్ల మధ్య వరుస క్రమం మాత్రమే. దేశాల మధ్య, సంవత్సరాల మధ్య డబ్బులాగా పోల్చకూడదు. రెండోది, గోప్యత కోసం వాళ్లు క్లస్టర్ల (సర్వే చేసిన ఇళ్ల గుంపుల) జీపీఎస్ స్థానాన్ని కావాలనే జరుపుతారు: పట్టణాల్లో 2 కిలోమీటర్ల దాకా, గ్రామాల్లో 5 కిలోమీటర్ల దాకా, గ్రామీణ క్లస్టర్లలో 1 శాతం 10 కిలోమీటర్ల దాకా. "రోడ్డుకి 1 కిలోమీటరు లోపున్న ఊళ్లు" అంటూ రిగ్రెషన్ పెడితే సగం ఈ జరపడం వల్ల వచ్చిన తప్పునే కొలుస్తారు.

కొలతలో తప్పు ఎప్పుడూ కోఎఫిషియంట్‌ని సున్నా వైపే లాగుతుందనుకోవద్దు. చిన్న కమతాల్లో ఎకరా దిగుబడి ఎక్కువన్న పాత చర్చ చూడండి. ఉగాండా డేటాలో రైతు చెప్పిన విస్తీర్ణం బదులు జీపీఎస్ కొలత పెడితే ఆ సంబంధం ఇంకా బలపడిందని కార్లెట్టో, సావస్టానో, జెజ్జా 2013లో చూపించారు. తర్వాత ఇథియోపియా డేటాలో రైతు చెప్పిన దిగుబడి బదులు పొలంలో కోసి తూచిన దిగుబడి పెడితే ఆ సంబంధమే మాయమైంది (డెసియర్, జాలిఫ్, 2018). సంబంధం ఒకటే, కొలిచే తీరు మారితే జవాబు అటూ ఇటూ తిరిగింది.

ఫోల్డర్ల సంగతి: ముడి ఫైళ్ల మీద ఎప్పుడూ సేవ్ చేయకండి. శుభ్రం చేసే కోడ్, విశ్లేషణ కోడ్ వేరువేరుగా పెట్టి, రెండిటినీ వరుసగా నడిపే మాస్టర్ ఫైలు ఒకటి ఉంచుకోండి. రాండమ్ సంఖ్యలు వాడే చోట సీడ్ (మొదలయ్యే సంఖ్య) పెట్టండి. లేకపోతే రేపటి టేబుల్ ఇవాళ్టి టేబుల్‌తో కలవదు.

మార్జిన్‌నోట్

పేపర్లు: సారాంశం, ఇంట్రో, తర్వాత నేరుగా ముఖ్యమైన టేబుల్, దాని కింద నోట్స్. నోట్స్‌లోనే శాంపిల్ ఎవరు, స్టాండర్డ్ ఎర్రర్లు ఏ స్థాయిలో క్లస్టర్ చేశారు (ఊరా, జిల్లానా, ఎవరిని ఒకే గుంపుగా చూశారు), ఏ ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ (జిల్లాకో, ఏడాదికో ఒక్కో డమ్మీ) పెట్టారు అన్నీ ఉంటాయి. మిగతా పేజీలు ఎంత చదవాలన్నది అప్పుడు తేల్చుకోవచ్చు. ప్రతి పేపరుకీ అర పేజీ రాసుకోండి: ప్రశ్న ఏమిటి, పోలిక ఎవరికీ ఎవరికీ మధ్య, ఆ తేడా ఎక్కడినుంచి పుట్టింది, ఏది నిజమైతేనే ఈ జవాబు నిలుస్తుంది, అది కూలిపోవాలంటే ఏం జరిగుండాలి.

ఇండోనేషియా బడుల మీద డుఫ్లో 2001 పేపరుతో మొదలుపెట్టండి. 1973-74 నుంచి 1978-79 మధ్య ప్రభుత్వం 61,000కి పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. 1974లో 2 నుంచి 6 ఏళ్లున్నవాళ్లకు ఆ బడులు అందాయి, 12 నుంచి 17 ఏళ్లున్నవాళ్లకు వయసు దాటిపోయింది. కొన్ని జిల్లాల్లో ఎక్కువ బడులు, కొన్నిట్లో తక్కువ. రెండు తేడాలు కలిపితే డిఫరెన్స్-ఇన్-డిఫరెన్సెస్. ప్రతి 1,000 మంది పిల్లలకు ఒక బడి చొప్పున పెరిగితే చదువు 0.12 నుంచి 0.19 ఏళ్లు, వేతనం 1.5 నుంచి 2.7 శాతం పెరిగాయి. చిక్కెక్కడంటే, బడులు చేరికలు తక్కువున్న జిల్లాలకే ఎక్కువ వెళ్లాయి. స్థాయిలు వేరుగా ఉన్నా పర్లేదు, బడులు కట్టకపోయుంటే తరం నుంచి తరానికి మార్పు ఒకేలా ఉండేదన్నదే ఇక్కడి ఊహ. అందుకే 12-17 వాళ్లనూ 18-24 వాళ్లనూ పోల్చి చూస్తారు. ఇద్దరికీ బడులు అందలేదు కాబట్టి అక్కడ సున్నా రావాలి. ఆ టేబుల్ ఎందుకుందో ఎవరూ చెప్పకుండా మీకే అర్థమైతే పేపరు చదవడం వచ్చినట్టే.

ఇక 200 ఇళ్ల సర్వే. సూటిగా చెప్పాలంటే, వద్దు. కారణం లెక్కలోనే ఉంది.

సగం ఇళ్లు ఒక గుంపు, సగం ఇంకో గుంపు, 5 శాతం సిగ్నిఫికెన్స్, 80 శాతం పవర్ (ప్రభావం నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం) అనుకుందాం. పట్టుకోగల కనీస ప్రభావం 5.6ని శాంపిల్ పరిమాణపు వర్గమూలంతో భాగిస్తే వస్తుంది, స్టాండర్డ్ డీవియేషన్లలో. 200 ఇళ్లకి అది దాదాపు 0.40. చదువు ఫలితాల మీద అంత పెద్ద ప్రభావం చూపే జోక్యాలు అరుదు. 0.2 పట్టుకోవాలంటే 784 ఇళ్లు కావాలి.

అదీ ఇళ్లను విడివిడిగా ఎంచుకుంటేనే. పథకం ఊళ్ల వారీగా అందేదై, మీరు 10 ఊళ్లలో ఊరికి 20 ఇళ్లు తీసుకుంటే, ఒకే ఊరివాళ్లు ఒకేలా ఉంటారు కాబట్టి కొత్త సమాచారం తగ్గుతుంది. డిజైన్ ఎఫెక్ట్ అంటే 1 + (ఊరికి ఇళ్లు − 1) × ఊరిలోపలి సహసంబంధం. ఆ సహసంబంధం 0.05 అయినా డిజైన్ ఎఫెక్ట్ 1.95. మీ 200 ఇళ్ల విలువ 103 ఇళ్లంతే, కనీస ప్రభావం 0.55కి పెరిగింది. పైగా 10 క్లస్టర్లతో మామూలు క్లస్టర్ స్టాండర్డ్ ఎర్రర్లు నమ్మదగ్గవి కావు, వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్ (గుంపులు తక్కువున్నప్పుడు వాడే పద్ధతి) వైపు వెళ్లాలి. ఇచ్చిన పథకాన్ని సగంమందే తీసుకుంటే 0.2 కాస్తా 0.1 అవుతుంది, కావలసిన శాంపిల్ రెండింతలు కాదు, నాలుగింతలు. చాలామంది తప్పేది ఇక్కడే.

ఇంత చేసినా అసలు ప్రశ్న అలాగే ఉంటుంది. డబ్బు ఆడవాళ్ల చేతిలో ఉన్న ఇళ్లు, లేని ఇళ్లు మిగతా అన్నిట్లో ఒకేలా ఉన్నాయా? ఉండవు. చదువుకున్న తల్లి చేతికే డబ్బు ఎక్కువ వస్తుంది, ఆమె పిల్లలు ఎలాగూ చదువుతారు.

మీ అంశం మాత్రం మంచిది. ఎందుకంటే దీనిమీద ఇప్పటికే ఉన్న రెండు గట్టి జవాబులు ఒకదానితో ఒకటి సూటిగా కలవవు. దక్షిణాఫ్రికా వృద్ధాప్య పింఛను మీద డుఫ్లో 2003 పేపరు, 1993 సర్వే డేటా. అప్పటి అర్హత వయసు ఆడవాళ్లకు 60, మగవాళ్లకు 65. అమ్మమ్మ, నానమ్మలకు పింఛను వచ్చిన ఇళ్లలో మనవరాళ్ల ఎత్తు, బరువు కొలతలు మెరుగయ్యాయి, మనవళ్లకు పెద్దగా మార్పు లేదు. తాతలకు పింఛను వస్తే అలాంటి ప్రభావం కనపడలేదు. రెండోది మొరాకో. బెన్‌హస్సైన్, తోటి పరిశోధకుల 2015 పేపరు. గ్రామాల్లో చదువు కోసమని పేరుపెట్టి చిన్న మొత్తం ఇచ్చారు. డబ్బు తల్లికా తండ్రికా, షరతుతోనా షరతు లేకుండానా అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. బడికి వెళ్లేవాళ్లు బాగా పెరిగారు గానీ, తల్లికిచ్చినా తండ్రికిచ్చినా తేడా దాదాపు లేదు. ఎందుకీ తేడా? మొత్తం చిన్నదనా, పేరు చదువుదనా, పోషణకీ చదువుకీ తేడానా, బామ్మకీ తల్లికీ తేడానా? ఈ నాలుగింట్లో ఒక్కదాన్ని పట్టుకుంటే థీసిస్. ఇప్పటికే ఉన్న డేటాతో చేయొచ్చు.

రెండురంగాలు

పై సమాధానాలతో పేచీ లేదు, కానీ చదివినవాళ్లకి డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ అంటే గృహ సర్వే, కంట్రోల్ గ్రూపు అంతే అనిపించే ప్రమాదముంది. దేశాలు పేదగా ఎందుకున్నాయన్నది ఇంటి స్థాయి ప్రశ్న మాత్రమే కాదు.

లూయిస్ 1954 పేపరు రీడింగ్ లిస్టులో ఉంటే పాతదని దాటేయకండి. శ్రమ సాంప్రదాయ రంగం నుంచి ఆధునిక రంగానికి ఎందుకు కదులుతుంది, కూలి ఎందుకు చాలాకాలం పెరగదు అన్న ప్రశ్నలు ఇప్పటికీ నడుస్తున్నాయి, కాకపోతే వేరే పేర్లతో. హ్సీ, క్లెనో 2009లో ఫ్యాక్టరీల మధ్య పెట్టుబడి, శ్రమ తప్పుగా పంపిణీ కావడాన్ని కొలిచారు. అమెరికాలో ఉన్నంత సమర్థంగా పంపిణీ చేస్తే తయారీరంగ ఉత్పాదకత చైనాలో 30 నుంచి 50 శాతం, ఇండియాలో 40 నుంచి 60 శాతం పెరుగుతుందని వాళ్ల అంచనా. ఇలాంటిది ఏ రాండమైజ్డ్ ప్రయోగంతోనూ రాదు, మోడల్ కావాలి. మోడల్‌లో తప్పుంటే, కొలతలో తప్పుంటే అవి కూడా ఈ 'తప్పు పంపిణీ' కిందే లెక్కకొస్తాయి. ఆ విమర్శ కూడా నేర్చుకోండి.

ప్రయోగాలకీ ఇదే వర్తిస్తుంది. 100 ఇళ్లకి డబ్బిస్తే కనపడే ప్రభావం, ఊరందరికీ ఇస్తే అదే ఉంటుందా? ధరలు పెరగొచ్చు, పక్కింటి దుకాణం లాభపడొచ్చు. కెన్యాలో 653 ఊళ్లలో 10,500కి పైగా ఇళ్లకు పెద్ద మొత్తం ఒక్కసారి ఇచ్చి, తీసుకోనివాళ్లనూ ధరలనూ కూడా కొలిచారు (ఎగర్, తోటి పరిశోధకులు, 2022). స్థానిక మల్టిప్లయర్ (ఇచ్చిన ప్రతి డాలరుకి అక్కడి ఆర్థిక వ్యవస్థ ఎన్ని డాలర్లు పెరిగిందన్నది) సుమారు 2.5 వచ్చింది, ధరల పెరుగుదల చాలా తక్కువ. అదే ఊళ్లోని ఇవ్వని ఇళ్లను కంట్రోల్‌గా పెట్టి ఉంటే? వాళ్లూ లాభపడ్డారు కాబట్టి ప్రభావం తక్కువగా తేలేది. ప్రయోగం ఏ స్థాయిలో రాండమైజ్ చేశారన్నది ఇందుకే ముఖ్యం.

పద్ధతుల్లో ఇంకో రెండు గోతులు, మీకు రెండో సెమిస్టర్‌లోనే ఎదురవుతాయి. పథకం ఒక్కో జిల్లాకి ఒక్కో ఏడాది వచ్చినప్పుడు జిల్లా, సంవత్సరం ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పెట్టి ఒకే కోఎఫిషియంట్ తీయడం చాలాకాలం అలవాటుగా నడిచింది. అందులో ముందే పథకం అందిన జిల్లాలు తర్వాత అందినవాటికి కంట్రోల్‌గా పనిచేస్తాయి. ప్రభావం ఏటేటా పెరిగేదైతే ఆ పోలిక ఫలితాన్ని కిందికి లాగుతుంది, గుర్తు కూడా తిరగబడొచ్చు. గుడ్‌మన్-బేకన్ 2021 పేపరు ఇది విడగొట్టి చూపిస్తుంది, కాలవే, సంత్'అన్నా అదే ఏడాది ప్రత్యామ్నాయం ఇచ్చారు. ఇన్‌స్ట్రుమెంట్ (కారణాన్ని కదిలించి, దాని ద్వారా మాత్రమే ఫలితాన్ని తాకే వేరియబుల్) వాడితే మొదటి దశ ఎఫ్ విలువ (అది ఎంత బలమైనదో చెప్పే అంకె) 10 దాటితే చాలన్న పాత నియమం మీద కూడా ఆనుకోవద్దు. ఒకే ఇన్‌స్ట్రుమెంట్ ఉన్నప్పుడు మామూలు 1.96 హద్దు నిజంగా 5 శాతం పరీక్షగా నిలవాలంటే ఎఫ్ 104.7 ఉండాలని లీ, తోటి పరిశోధకులు 2022లో లెక్కగట్టారు. అంత రాకపోతే యాండర్సన్-రూబిన్ కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (ఇన్‌స్ట్రుమెంట్ బలహీనమైనా నిలిచేది) కూడా టేబుల్‌లో పెట్టండి.

కొత్తబెంచి

చాలా థాంక్సండి, అందరికీ. సర్వే ఆలోచన మానేస్తున్నాను. మార్జిన్‌నోట్ గారూ, అయితే పింఛను అర్హత వయసు దగ్గర రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ చేయొచ్చా? ఇంట్లో పెద్దావిడ వయసు అర్హతకి అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చి, పిల్లలు బడికి వెళ్తున్నారా అని చూడటం. గైడ్ దగ్గరికి ఎలా తీసుకెళ్లాలి?

మార్జిన్‌నోట్

చేయొచ్చు, కానీ ఈ డిజైన్‌లో నాలుగు చిక్కులున్నాయి. అవి మీరే ముందు చెబితే గైడ్ వింటారు.

సర్వేల్లో వయసు 50, 55, 60, 65 దగ్గర పోగుపడుతుంది, గుండ్రంగా చెప్పడం జనం అలవాటు. సరిగ్గా 60 దగ్గరే అర్హత ఉంటే, అక్కడున్నవాళ్లలో నిజంగా 60 ఉన్నవాళ్లెవరో, గుండ్రం చేసినవాళ్లెవరో తెలియదు. గుండ్రంగా చెప్పేవాళ్లలో చదువు తక్కువవాళ్లు ఎక్కువ కాబట్టి ఇది యాదృచ్ఛికమైన తప్పు కూడా కాదు. ముందు వయసు హిస్టోగ్రామ్ గీయండి. 60 ఏళ్లవాళ్లను తీసేసి మళ్లీ చేసి చూడండి. పుట్టిన నెల, సంవత్సరం అడిగిన సర్వే దొరికితే ఇంకా మేలు.

వయసు పూర్తి ఏళ్లలో ఉంటే మీ రన్నింగ్ వేరియబుల్‌కి (అర్హతను తేల్చే వేరియబుల్, ఇక్కడ వయసు) హద్దుకి రెండు వైపులా కలిపి పది పన్నెండు విలువలే ఉంటాయి. అప్పుడు వయసు వారీగా క్లస్టర్ చేయడం పాత సలహా. అది సమస్యను పరిష్కరించదని కొలెసార్, రోథె 2018లో చూపించారు, వాళ్లు సూచించిన కాన్ఫిడెన్స్ ఇంటర్వల్స్‌కి ఆర్ ప్యాకేజీ ఉంది.

మూడోది, పింఛను వచ్చాక ఇల్లే మారిపోతుంది. మనవళ్లను బామ్మ దగ్గర వదిలి తల్లి పనికోసం వలస వెళ్లొచ్చు, కొత్తవాళ్లు వచ్చి చేరొచ్చు. అప్పుడు హద్దుకి ఇటున్న పిల్లలు, అటున్న పిల్లలు ఒకే రకం పిల్లలు కారు. తల్లిదండ్రుల చదువు, పిల్లల వయసు, ఇంట్లో జనం సంఖ్య వీటినే ఫలితాలుగా పెట్టి అదే రిగ్రెషన్ నడపండి. జనం సంఖ్య దగ్గర గెంతు కనపడితే దాచకండి, అదే ఒక అధ్యాయం అవుతుంది.

నాలుగోది మీ ప్రశ్నకి సంబంధించింది. బామ్మకి పింఛను వస్తే పిల్లలు బడికెళ్లారని తేలిందనుకోండి. అది డబ్బు వల్లనా, డబ్బు ఆడమనిషికి రావడం వల్లనా? తాతల హద్దు దగ్గర కూడా అదే చేసి, రెండు ప్రభావాల తేడాకి స్టాండర్డ్ ఎర్రర్ ఇవ్వాలి. ఒకటి సిగ్నిఫికెంట్, ఇంకోటి కాదు కాబట్టి తేడా ఉందని రాస్తే ఏ పరీక్షకుడూ ఒప్పుకోడు. తేడా మీద స్టాండర్డ్ ఎర్రర్ రెండిటి కంటే పెద్దది, కాబట్టి పవర్ లెక్క ఈ తేడాకే వేసుకోండి. సర్వేలో హద్దుకి దగ్గరున్న ఇళ్లు ఎన్నో ముందే లెక్కబెట్టండి. 10,000 ఇళ్ల సర్వే అయినా అర్హతకి అటూ ఇటూ ఐదేళ్లలోపు పెద్దావిడ, బడి వయసు పిల్లలు ఇద్దరూ ఉన్న ఇళ్లు కొన్ని వందలే మిగలొచ్చు.

గైడ్ దగ్గరికి ఒక్క పేజీతో వెళ్లండి: ప్రశ్న ఒక వాక్యం, డేటా పేరు, సంవత్సరం, రిగ్రెషన్ సమీకరణం, హద్దు దగ్గర ఇళ్ల సంఖ్య, పైన చెప్పిన నాలుగు చిక్కులు. దాంతోపాటు ఒకే ఒక గ్రాఫ్: వయసు అడ్డంగా, నిజంగా పింఛను అందుకుంటున్నవారి శాతం నిలువుగా. హద్దు దగ్గర ఆ శాతం గెంతకపోతే మిగతా పని మొదలుపెట్టక్కర్లేదు, వేరే దేశం సర్వే చూసుకోవాలి. ఆ గ్రాఫ్ గీయడానికి ఒక సాయంత్రం చాలు. అంశం రిజిస్టర్ చేయకముందే గీయండి.

ముడిడేటా

ఒక్క ముక్క కలుపుతాను. పింఛను ప్రశ్న సర్వేలో ఎవరిని అడిగారో చూడండి. కొన్నిట్లో మనిషి మనిషికీ అడుగుతారు, కొన్నిట్లో "ఇంటికి పింఛను వస్తోందా" అని ఒక్కసారే. రెండో రకమైతే బామ్మదా తాతదా అన్నది డేటాలోనే ఉండదు, పై డిజైన్ దాంతో కుదరదు. డేటా దించుకునే ముందే ప్రశ్నాపత్రం పీడీఎఫ్ తెరిచి ఆ పేజీ వెతకండి.